మూడో కుప్పలో పెట్టిన ప్రశ్న

"తొంభైకి ఇరవై తొమ్మిది. చూశావా అత్తా? ఆరు నెలలు నీ అరుగు మీద కూర్చున్నందుకు ఇరవై తొమ్మిది."

"చూశాను. నాకు కళ్ళేం పోలేదు."

"రేపు పిల్ల నాతో పత్తికొస్తుంది. ఇంక ఆ పుస్తకాలు కట్టి పెట్టెయ్."

"వచ్చే ఆదివారం పరీక్ష పెట్టుకుని రేపు పత్తికంటావేమే? ఆరు రోజులు ఆగలేవా?"

"నేనాగుతాలే, మబ్బు ఆగుద్దా? ఎల్లుండికి వానంటున్నారు. తెల్లగా విచ్చుకున్న చేను, తడిస్తే ఎందుకూ పనికిరాదు. రైతుకి పన్నెండు తలలు చెప్పా. ఒకామెకి జ్వరం. ఒప్పుకున్నాక తల తగ్గకూడదని నాకు నేర్పిందెవరు?"

నేర్పింది నేనే. అందుకని వేరే మాట ఎత్తుకున్నాను. "నా దగ్గర డెబ్బై తెచ్చుకునే పిల్ల బళ్ళో ఇరవై తొమ్మిది తెచ్చుకుంటే నేను చెప్పిన చదువు తప్పెట్లా అవుద్ది? నీ పిల్లకే గుండె లేదు. నలుగురిలో కూర్చోబెట్టేసరికి దడుచుకుంది."

ఆ పిల్ల అక్కడే స్తంభం పక్కన నిలబడి ఉంది. తలెత్తలేదు. వాళ్ళమ్మ చేతిలోని కాగితాలు అరుగు మీద పడేసి, పిల్ల రెక్క పట్టుకుని, రెండిళ్ళ అవతల ఉన్న తన ఇంటికి నడిచింది.

పదమూడేళ్ళ పిల్లను ఎదురుగా ఉంచుకుని గుండె లేదన్నాను. అది ఎంత తప్పు మాటో ఆ పొద్దు గుంకేలోపే తెలిసింది. ఇప్పుడు పిల్లల్ని పరీక్షలకు కూర్చోబెడుతున్న అమ్మలకూ, నాకంటే ఎక్కువ చదువుకుని నాకంటే తక్కువ ఓపిక ఉన్నవాళ్ళకూ ఆ సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను నాలుగో తరగతితో ఆగిపోయాను. తెలుగు చదువుతాను, అంకెలు చదువుతాను, కూడికలు నోటితో చేస్తాను. ఇంగ్లీషు అక్షరాలు బస్సు బోర్డుల మీద చూసి గుర్తుపట్టడమే గాని చదవడం రాదు. బతుకంతా మిరపకాయల గ్రేడింగులో గడిచింది. మా ఊరి పక్క కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మొదట కూలిగా, తర్వాత ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రీగా చేశాను. మేస్త్రీ అంటే కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాదు. ఎంతమందిని తెస్తానని ఒప్పుకున్నామో అంతమందినీ ఆటో ఎక్కించాలి, వాళ్ళతో సమానంగా కింద కూర్చుని ఏరాలి, చివర్లో సరుకుకి పూచీ పడాలి. ఆటో కదిలేముందు తలలు లెక్కపెట్టడం నా అలవాటు. పెద్దగా, అందరికీ వినపడేలా. లెక్క తగ్గితే ఆటో కదలనిచ్చేదాన్ని కాదు. ఎవరింటికైనా వెళ్ళి ఎవరినో ఒకరిని లేపుకొచ్చేదాన్ని. రైతు ముందు తల దించుకోవడం కన్నా ఒకరి వాకిట్లో తిట్లు తినడం నయమనుకునేదాన్ని.

మోకాళ్ళు సహకరించక మానుకున్న ఏడు ఆ ముఠాను పొదిలమ్మాయికి అప్పగించాను. పొదిలి నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. నాకు వరసకు కోడలవుతుంది, పైన నాతో గొడవపడింది ఆమే. భర్త పోయాక ఏడుస్తూ కూర్చోలేదు, నెల తిరక్కుండా నా పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో వేగం ఉంది, నోట్లో కారం ఉంది. మేస్త్రీకి ఆ రెండూ కావాలి. షెడ్డులో పని లేని రోజుల్లో ఆ ముఠానే పత్తి తీతకు తీసుకెళ్తుంది.

ఆ కాలంలోనే నాకు ఇంకో పని తగులుకుంది. ఎవరూ కూలి ఇవ్వలేదు గాని నేను మాత్రం దాన్ని ఉద్యోగంగానే చేశాను. నా కొడుకూ కోడలూ మంగళగిరిలో పని చేసుకుంటారు, ఆదివారాలు వచ్చి వెళ్తారు. మనవరాలు నా దగ్గరుండి మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివేది. ఆ తరగతి పిల్లలకు ప్రభుత్వం స్కాలర్‌షిప్పు పరీక్ష పెడుతుంది. గెలిస్తే ఇంటర్ అయ్యేదాకా ఏటా పిల్ల ఖాతాలో డబ్బు పడుతుంది. పొదిలమ్మాయి కూతురిదీ అదే తరగతి. పిల్ల పేరు రాయించడానికే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. నేను వెళ్ళి కూర్చుంటే చివరికి తేల్చి చెప్పింది. "వస్తే చదివిస్తానత్తా. రాకపోతే తొమ్మిదో తరగతి లేదు, నాతో పనికొస్తుంది. తర్వాత వచ్చి నన్ను సతాయించకూడదు మరి." సరేనన్నాను. ఆ ఒప్పందానికి సాక్షి లేడు, కాగితం లేదు. మా ఇద్దరి మధ్య వాటి అవసరం ఎప్పుడూ పడలేదు.

లెక్కల మాస్టారు ఒక గైడు ఇచ్చారు. దాంతోపాటు జవాబులు నింపే కాగితం ఒకటి. అందులో వరసకు ఒక అంకె, అంకె పక్కన నాలుగు సున్నాలు. సరైన సున్నాను పెన్నుతో నల్లగా నింపాలి, నింపాక చెరపడానికి లేదు. "దీన్ని జెరాక్సు తీయించి రోజూ ఒకటి నింపించండి పెద్దమ్మగారూ. పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు," అన్నారాయన. అలాగేనండీ అన్నాను. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని నలగకుండా ట్రంకు పెట్టెలో చీరల మడతలో పెట్టాను. కాగితానికి రెండు రూపాయలు పోసి రోజూ సున్నాలు నింపడం దేనికి? సున్నా నింపడం కూడా ఒక విద్యేనా? నాకు అప్పుడు అలాగే అనిపించింది. నిజం దాచడం దేనికి.

నా ఇంట్లో కాగితం దండగ చేయడం లేదు. పిల్లలు లెక్కలు చేసింది పాత క్యాలెండర్ల వెనక, పురుగుమందుల కంపెనీలు పంచే కాగితాల వెనక. పై అంచు నుంచి కింది అంచు దాకా ఒక్క గీత ఖాళీ వదలకూడదు. ఖాళీ కనపడితే పిలిచి చూపించి, దాంట్లో ఇంకో లెక్క చేయించేదాన్ని.

రోజూ తెల్లవారుజామున గంటన్నర, బడి నుంచి వచ్చాక రెండు గంటలు. ఇద్దరూ అరుగు మీద చాప వేసుకుని కూర్చునేవాళ్ళు. నేను చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తూ ఎదురుగా కూర్చునేదాన్ని. జవాబుల పేజీ నా ఒళ్ళో ఉండేది. వాళ్ళు ప్రశ్న చదివి జవాబు చెప్పాలి. నాకు చాలావాటికి జవాబు తెలియదు, ప్రశ్నే సగం అర్థమయ్యేది కాదు. నాకు తెలిసింది ఏరడం. కాబట్టి అదే నేర్పాను.

షెడ్డులో మాకు మూడు కుప్పలు. ఎర్రగా నిగనిగలాడేది ఒక కుప్ప. తెల్లబారిన తాలు కాయ ఒక కుప్ప. ఇదా అదా అని చెయ్యి ఒక్క క్షణం ఆగిందంటే దాన్ని మూడో కుప్పలో వేసి ముందుకు పోవాలి. ఆ కాయ దగ్గర కూర్చుని ఆలోచిస్తే పొద్దు గడిచిపోతుంది. మూడో కుప్పని చివర్లో నింపాదిగా చూసుకుంటాం. పిల్లలకూ అదే చెప్పాను. నాలుగు జవాబులున్నాయా, ముందు తాలు ఏరెయ్యండి. తీసేసిన ప్రతిదీ ఎందుకు తీశారో నాకు చెప్పండి. అనుమానం వచ్చిందా, మూడో కుప్పలో పెట్టండి, ముందుకు నడవండి.

ఎందుకు తీశావో చెప్పు అని అడిగేదాన్ని చూడండి, అది బాగా పనిచేసింది. సరైన జవాబు ఎవరైనా గుడ్డిగా కొట్టొచ్చు. తప్పు జవాబు తప్పెందుకో చెప్పాలంటే తెలిసుండాలి. చెప్పేటప్పుడు పిల్ల గొంతు నీళ్ళు నమిలితే నాకు దొరికిపోయేది. ఇంగ్లీషు రాకపోయినా గొంతు చదవడం నాకు వచ్చు, ముప్పై మంది ఆడవాళ్ళతో పని చేయించినదాన్ని. బొమ్మల ప్రశ్నలు వచ్చినప్పుడు మాత్రం నేనూ పోటీ పడేదాన్ని. అద్దంలో బొమ్మ ఎలా కనిపిస్తుందని అడిగితే గోడకున్న చిన్న అద్దం తెచ్చి పుస్తకం పక్కన పెట్టేదాన్ని. వరసలో తర్వాతి బొమ్మ ఏదంటే చీర అంచు పూలు చూసినట్టు చూసి చెప్పేసేదాన్ని. మా మనవరాలికి అది నచ్చేది కాదు. "నీకు రాదన్నావుగా," అని మూతి ముడిచేది.

ఆ ఇద్దరి సంగతీ చెప్పాలి. మా మనవరాలు నా మాట ఒక చెవితో వింటుంది. మూడో కుప్ప అనగానే "అంతా ట్రాష్, ఏదో ఒకటి పెట్టేస్తే పోలా," అనేది. అనుమానం వచ్చిన చోటల్లా తోచింది పెట్టేసి ఆవులించేది. పొదిలమ్మాయి కూతురు అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. పెన్సిలు చివరి అంగుళం దాకా రాసేది. జవాబుల అంకెలు క్యాలెండర్ వెనక ఒకదాని కింద ఒకటి ఖాళీ లేకుండా పేర్చుకుపోయేది. అనుమానం ఉన్న ప్రశ్నలు మాత్రం అడుగున విడిగా రాసుకుని, చివర్లో వాటి పని పట్టేది. కార్తీకం వచ్చేసరికి తొంభైకి డెబ్బై తగ్గడం మానేసింది. ఒకసారి మాస్టారు మా వీధిన పోతూ ఆగి, కాసేపు విని, "మా స్కూల్లో కూడా ఇలాంటి ముఠా ఒకటి పెట్టాలండీ," అన్నారు. నేను మిరపకాయల్లోంచి తలెత్తలేదు గాని ఆ మాట వారం రోజులు నెమరేసుకున్నాను.

పరీక్ష ఇంకా ఆరు రోజులుందనగా, సోమవారం, బళ్ళో నమూనా పరీక్ష పెట్టారు. నిజం పరీక్షలో ఇచ్చేలాంటి కాగితాలే ఇచ్చి, పెన్నుతో నింపించి, సాయంత్రానికల్లా దిద్ది ఇచ్చారు. మా మనవరాలికి యాభై ఎనిమిది. ఆ పిల్లకు ఇరవై తొమ్మిది. ఆ తర్వాత జరిగిన గొడవే మొదట్లో మీరు చదివింది.

పొదిలమ్మాయి పడేసిపోయిన కాగితాలు కాసేపు అలాగే వదిలేశాను. తర్వాత దండగ కాకూడదని తీశాను. ప్రశ్నల కాగితం వెనక ఖాళీ ఉంది, ఎవరికైనా పనికొస్తుంది. పిల్ల నింపిన కాగితం ఒకటి, మాస్టారు ఇచ్చిన జవాబుల చీటీ ఒకటి. ఊరికే రెండూ పక్కపక్కన పెట్టి వేలితో చూసుకుంటూ పోయాను. ఒకటి నుంచి పదకొండు దాకా అన్నీ సరే. పన్నెండు దగ్గర తప్పు. పదమూడు తప్పు, పద్నాలుగు తప్పు, ఇంక అక్కడి నుంచి దాదాపు అన్నీ తప్పే.

చేతికి ఏదో తేడా తగిలింది. కాయలు ఏరే చేతికి తెలుస్తుంది ఆ తేడా. తాలు ఎప్పుడూ అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. ఒక గీత గీసినట్టు ఒకచోట మొదలై చివరిదాకా తాలే ఉండదు. అలా ఉందంటే అది చేలో వచ్చిన తాలు కాదు, ఎవరో పోసేటప్పుడు చేసిన పొరపాటు.

మళ్ళీ చూశాను. పిల్ల పన్నెండో వరసలో మూడు నింపింది. చీటీలో పదమూడుకు జవాబు మూడు. పిల్ల పదమూడో వరసలో ఒకటి నింపింది. చీటీలో పద్నాలుగుకు ఒకటి. చీటీని ఒక వరస పైకి జరిపి పెట్టాను. చీర అంచు చీర అంచుతో కలిసినట్టు కలిసిపోయింది. ఒక్కటి కూడా తేడా లేదు, ముప్పై దాకా. అక్కడ ఇంకో వరస జరిపితే మళ్ళీ కలిసింది. యాభై దాటాక ఇంకొకటి. వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. సరిగ్గా నింపి ఉంటే డెబ్బై నాలుగు.

మనవరాల్ని పంపి ఆ పిల్లను పిలిపించాను. వచ్చి నిలబడింది. కాగితం చూపించి, ఇదేంటే అని అడిగాను. వేలితో పన్నెండో వరస చూపించింది.

"అనుమానం ఉన్నవి మూడో కుప్పలో పెట్టా, నాయనమ్మా. తర్వాతది దాని కిందనే నింపేశా, మనం క్యాలెండర్ మీద రాసినట్టే. ఖాళీ వదలకూడదుగా. చివర్లో చూస్తే ప్రశ్నలు అయిపోయినయ్, వరసలు మూడు మిగిలినయ్. అప్పుడు తెలిసింది. పెన్నుగా, చెరపలేకపోయా."

"మరి మీ అమ్మ నన్ను అన్నేసి మాటలంటుంటే అప్పుడే చెప్పొద్దా?"

"చెప్తే నిన్ను ఇంకా తిడుద్దని."

నేను గుండె లేదన్నది ఈ పిల్లనే.

మేస్త్రీ అయిన రెండో ఏడు నేనొక లాటు పాడు చేశాను. లారీ వచ్చి నిలబడింది, డ్రైవరు తొందర పెడుతున్నాడు. మూడో కుప్పను చూసే ఓపిక లేక ఎర్రకాయ టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, కలిపి కుట్టించేశాను. అవతల కొనేవాడు టిక్కీ విప్పి చెయ్యి పెడితే పిడికిట్లోకి తాలే వచ్చింది. లాటంతా తిరిగొచ్చింది. ముఠాలో ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అది నా చేతి తప్పు. రెండు రోజులు ఒక్కదాన్నే షెడ్డులో కూర్చుని అన్ని టిక్కీలూ విప్పి మళ్ళీ ఏరాను, కూలి తీసుకోలేదు. ఆనాటి నుంచి అదే మా ముఠాకి కట్టడి. ఎవరు పాడు చేసిన సరుకు వాళ్ళే కూర్చుని విప్పాలి. పొదిలమ్మాయి నా దగ్గర చేరిన మొదటి వారమే నాతో ఆ కట్టడి చెప్పించుకుంది.

ఇప్పుడు ఈ లాటు పాడు చేసింది ఎవరు? పిల్ల నా మాట ఒకటి కాదు, రెండూ విన్నది. అనుమానం ఉన్నది వదిలెయ్యమన్నాను, వదిలేసింది. ఖాళీ వదలొద్దన్నాను, వదల్లేదు. ఆ రెండు మాటలూ ఒకే కాగితం మీద పడితే ఏమవుతుందో నేను చూసుకోలేదు. చూసుకోమని మాస్టారు ఇచ్చిన కాగితం చీరల మడతలో భద్రంగా ఉంది. నా మాట వినని మనవరాలు యాభై ఎనిమిది తెచ్చుకుంది. విన్న పిల్ల మునిగింది.

కాగితాలు తీసుకుని పొదిలమ్మాయి ఇంటికి వెళ్ళాను. దీపాలు పెట్టే వేళ. ఆమె వాకిట్లో కూర్చుని రేపటికి పత్తి సంచులు చూసుకుంటూ ఉంది, చిరిగినవి కుడుతూ. నన్ను చూసి లేవలేదు. నేనే కింద కూర్చున్నాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి. కాగితం పరిచి, వరస జరిపి చూపించాను. ఆమెకు అంకెలు వచ్చు, రెండుసార్లు చెప్పక్కర్లేకపోయింది.

"తప్పు పిల్లది కాదు. నాది," అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు. సూది ఆపి చూసింది. తర్వాత మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

"నీదైతే ఏంటి, దానిదైతే ఏంటత్తా? ఆదివారం కూడా ఇదే చేసిద్దిగా. ఆరు నెలల అలవాటు ఆరు రోజుల్లో పోయిద్దా?"

"పోతుంది. రోజుకి నాలుగు కాగితాలు నింపితే పోతుంది. నాకొదిలెయ్."

"నీకొదిలేస్తా సరే. రేపు చేలో పన్నెండు తలలెట్లా? ఈ వీధి మొత్తం అడిగొచ్చా. ఖాళీగా ఉన్నవాళ్ళు లేరు. వాన భయానికి ఎవరి చేలో వాళ్ళున్నారు. రైతుకి పదకొండుమందితో మొహం చూపించమంటావా?"

"చూపించొద్దు. పన్నెండు తలలూ ఉంటాయి."

"ఎవరొస్తారు?"

"ఆటో ఎన్నింటికి?"

"ఆరింటికి." ఇంకేదో అడగబోయి నా మోకాళ్ళ వైపు చూసి మళ్ళీ సూది అందుకుంది.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తెరిచి ఆ కాగితం తీశాను. ఇంతకాలం దాచినందుకు అది మాత్రం చెక్కు చెదరలేదు.

పరీక్ష సంగతి ఏమైందని అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పొదిలమ్మాయి కూతురికి స్కాలర్‌షిప్పు వచ్చింది. ఇప్పుడు అద్దంకిలో ఇంటర్ చదువుతోంది. మా మనవరాలికి రాలేదు. అది పెద్దగా బాధపడలేదు, ఆ బాధ నేనే పడ్డాను. ఇన్ని నెలలు చెప్పినదాన్ని, మనవరాలు ఒక్కసారైనా తాలు ఏరకపోయిందే అని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ తర్వాత వరసగా మూడేళ్ళు మా వీధి పిల్లల్ని ఆ అరుగు మీదే కూర్చోబెట్టాను. మూడో కుప్ప తీసెయ్యలేదు. అది మంచి పద్ధతి, దాన్ని వదిలే ప్రసక్తి లేదు. కానీ మొదటి రోజే ప్రతి పిల్ల చేతికీ స్కేలు ఇచ్చాను. నింపే వరస కింద స్కేలు పెట్టుకోవాలి. ప్రశ్న వదిలితే దాని వరస కూడా వదలాలి, ఖాళీగానే. అయిదు ప్రశ్నలకు ఒకసారి ప్రశ్న అంకె, వరస అంకె పైకి చదివి కలుపుకోవాలి. కాగితాలకు డబ్బు నేనే పెట్టాను. పొదుపు మంచిదే, ఇవాళ కూడా నేను పాల ప్యాకెట్టు కడిగి ఆరేస్తాను. పిల్ల చెయ్యి తిరగాల్సిన చోట మాత్రం పొదుపు చేయకండి. పిల్లలకు నేర్పేవాళ్ళకు ఇంకొక్క మాట. మాట వినని పిల్ల తప్పు చేస్తే అది పిల్ల తప్పు కావచ్చు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల తప్పు చేస్తే ముందు మీరు చెప్పింది ఏంటో చూసుకోండి.

ఇక ఆ మర్నాటి ఉదయం.

తెల్లవారకముందే లేచి పిల్లలిద్దరికీ అన్నం వండి పెట్టాను. మనవరాలి చేతికి డబ్బులిచ్చి, జెరాక్సు కొట్టు తియ్యగానే ఆ కాగితం ఇరవై తీయించుకు రమ్మన్నాను. అంత డబ్బు చూసి అది నా మొహంలోకి చూసింది. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది. ముందు రోజు ప్రశ్నల కాగితం, నల్ల పెన్ను, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్కేలు ముందు పెట్టాను. అనుమానం వస్తే వదిలెయ్, దాని వరస కూడా వదిలెయ్, ఎంత కాగితం ఖాళీ పోయినా నేనేమీ అనను అని చెప్పాను. సరే నాయనమ్మా అంది.

ఆరింటికి ఆటో వచ్చి వీధి చివర ఆగింది. పాత చొక్కా చీర మీద వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, పత్తి సంచి భుజాన వేసుకుని వెళ్ళాను. అప్పటికే అందరూ ఎక్కారు. నన్ను చూసి ఒకామె నవ్వింది, ఇంకొకామె పక్కకు జరిగి చెయ్యి ఇచ్చింది. ఎక్కడానికి కాస్త టైము పట్టింది. పొదిలమ్మాయి డ్రైవరు పక్కన నిలబడి ఉంది. వెనక్కి తిరిగి, నేను నేర్పినట్టే, పెద్దగా, అందరికీ వినపడేలా తలలు లెక్కపెట్టింది. నా దగ్గరికొచ్చేసరికి పన్నెండు. ఆ అంకె చెప్పి, ముందు సీట్లో కూర్చుని, పోనీయ్ అంది.